వెళ్లి చూడని జపాన్ గురించి రాసిన రూత్ బెనెడిక్ట్

1887లో న్యూయార్క్‌లో పుట్టిన రూత్‌కి రెండేళ్లయినా నిండకుండానే డాక్టరైన తండ్రి పోయాడు. ఏటా మార్చి నెల వచ్చిందంటే తల్లి ఆయన్ని తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చేది. ఆ ఏడుపంటే పిల్లకి హడల్! దానికి తోడు తట్టు పోసి చెవులు కూడా సరిగా వినపడకుండా పోయాయి పాపం.

డిగ్రీ చేసింది, టీచరుగా పనిచేసింది. 1914లో స్టాన్లీ బెనెడిక్ట్ అనే శాస్త్రవేత్తని పెళ్లాడింది. పిల్లలు కలగలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక 1919లో, ముప్పై రెండో ఏట, మళ్లీ చదువు మొదలుపెట్టింది. కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంజ్ బోయాస్ దగ్గర మానవ శాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది.

1924లో న్యూ మెక్సికోలోని జూనీ తెగవాళ్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ ఇల్లు ఆడవాళ్లది. పెళ్లయితే అల్లుడే అత్తవారింటికి వచ్చేవాడు. పొసగకపోతే భార్య అతని సామాన్లు మూటగట్టి గడప దగ్గర పెట్టేది, అంతే! కోపమైనా దుఃఖమైనా హద్దు దాటకూడదన్నది వాళ్ల పద్ధతి. కెనడా పడమటి తీరంలోని క్వాకియుటిల్ వాళ్లది దీనికి పూర్తిగా ఎదురు. పంతం కొద్దీ కంబళ్లు పంచిపెట్టి, తగలబెట్టి మరీ గొప్ప చాటుకునేవాళ్లు. ఏది మంచి, ఏది పిచ్చి అన్నది ఆ సమాజం దేనికి విలువ ఇస్తుందన్న దాన్నిబట్టే ఉంటుందని 1934లో ‘పాటర్న్స్ ఆఫ్ కల్చర్’లో రాసింది. ఒక జాతి మొత్తాన్ని ఒకే మూసలో పోసిందని విమర్శలూ వచ్చాయి. నిజమే, జూనీల్లో మాత్రం తగువులు లేవా?

రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం ఆమెకి జపాన్‌ని అర్థం చేసుకునే పని అప్పగించింది. వెళ్లే దారి లేదు. అమెరికాలో ఉన్న జపాన్ వాళ్లతో మాట్లాడి, సినిమాలు చూసి, నవలలు చదివి 1946లో ‘క్రిసాంథమమ్ అండ్ ది స్వోర్డ్’ రాసింది. అమెరికా వాళ్లని మనస్సాక్షి ఆపుతుంది, జపాన్ వాళ్లని నలుగురూ ఏమనుకుంటారోనన్న సిగ్గు ఆపుతుందని ఆమె తేల్చింది. (ఈ రెండోది మనకి కొత్తగా చెప్పక్కర్లేదనుకోండి!) జపాన్‌లోనూ ఆ పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది.

ఇంత చేసినా బోయాస్ రిటైరైనప్పుడు ఆయన కుర్చీ ఆమెకి దక్కలేదు. 1937లో బయటినుంచి రాల్ఫ్ లింటన్‌ని తెచ్చారు. రూత్‌ని పూర్తిస్థాయి ప్రొఫెసర్ చేసింది 1948లో. అదే ఏడాది సెప్టెంబరులో ఆమె కన్నుమూసింది.