సంగీత విద్వాంసుడు జోసెఫు హైడన్

లోకమందు కొందఱు భక్తిపరులై యుందురు గాని వారి ముఖమున నవ్వు కానరాదు. మఱికొందఱు ఎల్లప్పుడును నవ్వుచుందురు గాని దైవచింత వారి దరి చేరదు. ఈ రెండును ఒక్క హృదయమందు కలిసి యుండగలవా? అందునను ఒరుల యింట కొలువు చేసి, దినదినము పనితో కాలము గడుపువానికి అది సాధ్యమగునా? ఈ ప్రశ్నకు ఉపన్యాసముకంటె ఒక మనుష్యుని జీవితమే మేలైన ప్రత్యుత్తరమని తలచి, ఆస్ట్రియా దేశీయుడగు జోసెఫు హైడన్ చరిత్రమును మా చదువరులకు వినిపింప గోరుచున్నాము.

హైడన్ 1732వ సంవత్సరము మార్చి 31వ తేదీని, హంగరీ పొలిమేర దగ్గఱనున్న రోరౌ అను పల్లెయందు జన్మించెను. తండ్రి బండిచక్రములు చేయు వడ్రంగి. తల్లి పెండ్లికి పూర్వము ఆ యూరి ప్రభువు కోటలో వంటపని చేసినది. తండ్రికి స్వరలిపి చదువ రాదు. ఐనను పని ముగిసిన పిమ్మట ఆయన హార్పు అను తంత్రీవాద్యమును మీటుచు పాడుచుండగా, భార్యయు బిడ్డలును గొంతు కలుపుచుండిరి. ఇట్లు హైడన్‌కు సంగీతమును ప్రార్థనయు కష్టజీవుల యింటనే అలవడెను.

హైన్‌బుర్గు పట్టణమున బడిపంతులుగా నున్న బంధువొకడు బాలుని కంఠమాధుర్యమును గ్రహించి, వానిని తనతో గొనిపోయెను. వాని కప్పుడు సుమారు ఆఱేండ్లు. అటుపిమ్మట తలిదండ్రులయొద్ద నివసించు భాగ్యము వానికి లేకపోయెను. పంతులుగారి యింట అన్నము కొంచెము, దెబ్బలు మెండు. ఐనను అచ్చటనే వాడు వయొలిను మొదలగు వాద్యములు నేర్చుకొనెను. ముదిమియందు హైడన్ ఆ దెబ్బలను తలచుకొని నవ్వి, తన్ను ఇన్నిటికి పురికొల్పిన ఆ గురువునకు కృతజ్ఞుడనే యని చెప్పుచుండెను.

1740లో వియన్నా నగరమందలి సెయింటు స్టీఫెను దేవాలయమున గాయక బాలుడుగా చేరి, సుమారు తొమ్మిదేండ్లు పాడెను. యౌవనము రాగా కంఠము మాఱెను. అంతట 1749 ప్రాంతమున వానిని వెళ్లగొట్టిరి. తోడి బాలుని పిలకజడ కత్తిరించి అల్లరి చేయుటయు అందుకొక కారణమని చెప్పుదురు. చేత కాసు లేదు, తల దాచుకొన చోటు లేదు. అప్పుడు స్పాంగ్లరు అను గాయకుడొకడు, భార్యాబిడ్డలతో తానే ఇఱుకు గదిలో నుండియు, ఈ యనాథను చేరదీసెను. చదువరులారా, ఉన్నవాడు పెట్టుట వింత కాదు. లేనివాడు తనకున్న మూలను పంచి యిచ్చుటయే వింత.

తరువాత హైడన్ ఒక పెద్ద మేడ పైకప్పు క్రింది గదిలో కాపురముండెను. వానయు మంచును లోనికి వచ్చుచుండెను. పిల్లలకు పాఠములు చెప్పియు, రాత్రులు వీథులలో వాయించియు పొట్ట పోసుకొనెను. పోర్పోరా అను ఇటలీ దేశపు విద్వాంసునికి నౌకరువలె జోళ్లు తుడిచి, అందుకు బదులుగా ఆయనయొద్ద విద్య సంపాదించెను. ఐనను పురుగులు తొలిచిన తన పాత వాద్యము ముందు కూర్చున్నప్పుడు, ఏ రాజును చూచియు అసూయపడలేదని ఆయన తరువాత చెప్పుకొనెను.

1761లో ఎస్టర్‌హాజీ ప్రభువులయొద్ద ఆయనకు కొలువు దొరకెను. ఆ యొడంబడిక చదివినచో నేటివారికి ఆశ్చర్యము కలుగును. తెల్లని మేజోళ్లు తొడిగి, జుట్టునకు పొడి పూసి, ప్రతిదినము రెండు పూటలును ప్రభువు వాకిట నిలిచి, నేడు సంగీతము కావలయునా యని ఆజ్ఞ అడుగవలయును. వాద్యములను భద్రపఱుపవలయును. వాయించువారి తగవులు తీర్పవలయును. ప్రభువు కోరిన కృతిని కోరినప్పుడు రచింపవలయును. ఇట్టి పని సుమారు ముప్పది యేండ్లు చేసెను. నికొలాసు ప్రభువునకు బారిటోను అను వాద్యముపై ప్రీతి యుండుటచేత, దాని కొఱకే 120కి పైగా కృతులు వ్రాసెను. ఆయన నగరమునకు దూరముగా నుండెను. అచ్చట తన్ను కలవరపెట్టువారు లేనందున, క్రొత్తమార్గము త్రొక్కక తప్పినది కాదని ఆయన తలంచెను.

తన క్రింది వాద్యకారులను ఆయన బిడ్డలవలె చూచెను. వారును ఆయనను తండ్రి యని పిలిచిరి. 1772లో ప్రభువు వేసవి నగరున ఎక్కువకాలము నిలువగా, భార్యాబిడ్డలను విడిచివచ్చిన వాద్యకారులు దిగులుపడిరి. ప్రభువుతో వాదించుట కష్టము. కనుక హైడన్ ఒక సింఫనీ రచించెను. దాని యంత్యభాగమున ఒకరి వెనుక ఒకరు తమ వంతు ముగించి, కొవ్వొత్తి ఆర్పి, లేచిపోయిరి. కడకు ఇద్దఱు వయొలినువారు మాత్రమే మిగిలిరి. ప్రభువు భావము గ్రహించి, మఱునాడే ప్రయాణమున కాజ్ఞ యిచ్చెనని చెప్పుదురు. కోపము లేక, అవమానము లేక, నవ్వుతో న్యాయము సాధించిన విధమిది.

ఆయన జీవితమున దుఃఖము లేదని యెవ్వరును తలంపరాదు. 1760లో జరిగిన వివాహము సుఖమీయలేదు. సంతానమును కలుగలేదు. ఆ విషయమున ఆయనయు నిర్దోషి యని మేము చెప్పజాలము. ఇంట దొరకని చల్లదనమును ఆయన స్నేహమందును పనియందును వెదకికొనెను.

ఆ స్నేహితులలో శ్రేష్ఠుడు మొజార్టు. అతడు హైడన్‌కంటె 24 సంవత్సరములు చిన్నవాడు. వియన్నాలో వీరు కలిసి వాద్యచతుష్టయమునందు వాయించుచుండిరి. 1785లో మొజార్టు తాను రచించిన ఆఱు కృతులను హైడన్‌కు అంకితమొసగెను. ఆ కృతులలో కొన్నిటిని వినిన హైడన్, మొజార్టు తండ్రితో, తానెఱిగిన విద్వాంసులలో మీ కుమారుడే గొప్పవాడని దేవుని యెదుట చెప్పుచున్నానని పలికెను. దేశమెల్ల తన్ను పొగడుచుండగా ఒక పడుచువానిని తనకు మించినవానిగా ఒప్పుకొనుట సులభమా? 1791 డిసెంబరు 5వ తేదీని మొజార్టు మరణింపగా, అప్పుడు లండనులో నున్న హైడన్ మిగుల దుఃఖించి, అతని కుమారునికి వయస్సు వచ్చినపుడు ఉచితముగా విద్య నేర్పుదునని కబురంపెను.

1790లో నికొలాసు ప్రభువు మరణించెను. అంతట సాలమను అనునతడు హైడన్‌ను లండనునకు తోడ్కొనిపోయెను. 58 యేండ్ల వయసున, ఆ దేశభాష రాకయే, ఆయన 1791 జనవరి 1వ తేదీని సముద్రము దాటెను. హానోవరు స్క్వేరు మందిరమందలి కచేరీలకు జనులు క్రిక్కిఱిసి వచ్చిరి. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము డాక్టరు బిరుద మొసగెను. 1792లో ఒక సింఫనీయందు మెల్లని రాగము నడుచుచుండగా హఠాత్తుగా పిడుగువంటి ధ్వని పుట్టించి శ్రోతలను ఉలికిపడ జేసెను. పోటీ కచేరీలవారు ఆయన పూర్వశిష్యుడగు ప్లేయెలును రప్పించి, గురుశిష్యులకు పందెము పెట్ట జూచిరి. వారిద్దఱో, కలిసి భోజనము చేయుచు, ఒకరి కచేరీకి ఒకరు పోవుచుండిరి.

అంత వైభవమునందును ఆయన హృదయమును మిక్కిలి కరగించినది మఱియొకటి. సెయింటు పాలు దేవాలయమున ధర్మపాఠశాలల బీదబిడ్డలు సుమారు 4,000 మంది ఒక సామాన్య కీర్తనను పాడగా విని, తన జీవితమున ఏ సంగీతమును తన్ను ఇంతగా కదల్పలేదని ఆయన తన పుస్తకమున వ్రాసికొనెను. పాఠశాలలో పాడు బాలబాలికలు ఈ మాట జ్ఞాపకముంచుకొందురు గాక.

హైడన్ రోమను కతోలిక మతస్థుడు. కృతి మొదట ప్రభువు నామమునను, చివర దేవునికి స్తోత్రమనియు వ్రాయుట ఆయన వాడుక. రచన సాగనప్పుడు జపమాల చేతబట్టి గదిలో నటునిటు తిరుగుచు ప్రార్థించెడివాడు. ఆయన ఆరాధన సంగీతము మితిమీఱి ఉల్లాసముగా నున్నదని కొందఱు నిందింపగా, దేవుని తలచినంతనే తన హృదయము సంతోషముతో గంతులువేయునని, అందుకు దేవుడు తన్ను తప్పుపట్టడని ఉత్తరమిచ్చెను. 1796 మొదలు 1798 వఱకు సృష్టి అను మహాకృతిని రచించునప్పుడు, ప్రతిదినము మోకరించి బలము నిమ్మని వేడుకొనెను. చీకటిలోనుండి వెలుగు పుట్టు ఘట్టమున వాద్యములన్నియు ఒక్కసారిగా మ్రోగగా, విన్నవారు పరవశులైరి.

1802లో రూగెను ద్వీపమునుండి కొందఱు సామాన్య గాయకులు, తాము సృష్టిని పాడి ఆనందించితిమని ఆయనకు వ్రాసిరి. ఆయన బదులు వ్రాయుచు, బలము ఉడిగి పని భారమైనప్పుడెల్ల, ఈ లోకమున సుఖించువారు కొందఱే గనుక, అలసినవాని కొక క్షణము విశ్రాంతి తన సంగీతమున దొరకునేమో యను తలంపే తన్ను నిలిపెనని తెలిపెను.

1808 మార్చి 27వ తేదీని వియన్నా విశ్వవిద్యాలయమున సృష్టిని పాడిరి. వృద్ధుని కుర్చీలో మోసికొనివచ్చిరి. వెలుగు ఘట్టమున సభ కరతాళధ్వనులు చేయగా, ఆయన చేయి పైకెత్తి, అది తననుండి కాదు, పైనుండి వచ్చెనని సూచించెను. మఱుసటి సంవత్సరము మే నెలలో ఫ్రెంచివారు నగరముపై ఫిరంగులు పేల్చిరి. గుండొకటి ఇంటి సమీపమున పడెను. సేవకులు భయపడగా, హైడన్ ఉన్నచోట కీడు రాదని ఆయన ధైర్యము చెప్పెను. అట్లు చెప్పునప్పుడు ఆయన దేహమును వణకుచుండెనట. వణకుచునే ఇతరులకు ధైర్యము చెప్పిన ఆ వృద్ధుడు మాకు మఱింత పూజ్యుడుగా తోచుచున్నాడు. 1809 మే 31వ తేదీని ఆయన శాంతముగా కన్నుమూసెను. తరువాత జరిగిన స్మారక ఆరాధనలో ఆయన ప్రియమిత్రుడగు మొజార్టు కృతినే పాడిరి.

నూటికి మించిన సింఫనీలు, 68 వాద్యచతుష్టయములు ఆయన మనకు విడిచిపోయెను. ఇవన్నియు తీఱిక గలవాని వినోదములు కావు. ఆజ్ఞకు లోబడి పనిచేసినవాని దినచర్య. పని ముగిసినపిమ్మట సంతోషింతమనియు, కష్టములు తీఱినపిమ్మట దేవుని తలతమనియు ఆయన కాచుకొని యుండలేదు. పనిలోనే సంతోషమును, సంతోషములోనే స్తోత్రమును కనుగొనెను. విద్యార్థులారా, రేపు ఉదయమున మీ పాఠము మీ ముందున్నప్పుడు ఈ చక్రకారుని కుమారుని ఒకసారి స్మరింపుడని కోరుచున్నాము.