రామదండు నేర్పిన పాఠం



మన నల్లపాడు వైపు మిరపకోతలు మొదలైతే చేను మొత్తం ఒక్కరే కోయగలరా? ముఠా కుదరాలి, ముఠాలో మనసులు కుదరాలి. పదిమంది కలిసి చేసే పని ఎలా నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి జీవితంలో చూడవచ్చు.

ఆయన 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, కొంతకాలం ఉపాధ్యాయులుగా పనిచేసి, జాతీయోద్యమంలో చేరారు. చీరాలలో రామదండు అనే సేవాదళాన్ని తయారుచేశారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలకు వచ్చిన జనసందోహాన్ని క్రమంలో ఉంచినది ఆ దండే.

అప్పట్లో ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘం చేసింది. సుమారు 4 వేల రూపాయల పన్ను 40 వేలకు పెరిగింది. మగ్గం మీద బ్రతికే పేదలు ఎక్కడ తెచ్చి కడతారు? గాంధీజీ చీరాల వచ్చి, ఊరు విడిచిపోవడం ఒక మార్గమనీ, అయితే మీ కాళ్లమీద మీరే నిలబడాలనీ చెప్పారు. దాదాపు 13 వేలమంది ఇళ్లు వదలి, పొలిమేర బయట పాకలు వేసుకున్నారు. అదే రామనగరం. ఊరి వ్యవహారాలకు పెద్దల సభ, తగవులకు పంచాయితీ ఏర్పరచుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చి సుమారు 11 నెలలు నిలిచారు.

ఇంతలో గోపాలకృష్ణయ్యగారికి ఏడాది జైలుశిక్ష పడింది. చేతిలో డబ్బు కరిగిపోయింది. ఆయనలా అందరినీ కూడగట్టి నడిపేవారు కరువయ్యారు. చివరకు జనం ఇళ్లకు మళ్లారు. ఆయన క్షయవ్యాధితో 1928 జూన్ 10న, 39 ఏళ్లకే కన్నుమూశారు.

ఆ ప్రజల త్యాగం చిన్నది కాదు. కాని భారమంతా ఒక్క భుజం మీద ఉంటే, ఆ భుజం తొలగిననాడు పల్లకి కూలుతుంది. శరీరం ఒక్కటే అయినా అవయవాలు అనేకమని పునీత పౌలుగారు కొరింతు సంఘానికి బోధించినది ఇందుకే.

మన విచారణల సంగతి ఆలోచించండి. గురువు బదిలీ అయితే గుడి కట్టడం ఆగిపోతుంది. ఒక పెద్ద అలిగితే పండుగ కమిటీ చెదిరిపోతుంది. ఆ తప్పులో మా గురువులకూ భాగముంది. అన్నీ మేమే చేయాలనుకుంటాం. కనుక ప్రతి ఇంటికీ ఒక పని అప్పగించండి. లెక్కలు అందరిముందు చదవండి. మీ పనిని మరొకరికి నేర్పండి. మీరు లేనినాడు ఆ పని ఎవరు చేస్తారో ఈ ఆదివారం పూజ తరువాత ఒక్కసారి మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.