కండరశక్తి మర్మమెరిగిన ఆంధ్రుడు

మైపాడు ఒడ్డున తెల్లవారుజామున అలివి వల లాగే మత్స్యకారులను చూడనివారు మన విద్యార్థులలో అరుదు. ఇరుప్రక్కల మోకులు పట్టి, మడమలు ఇసుకలో పాతుకొని, ఒక్క ఊపున లాగుతారు. క్షణమాగి మరల లాగుతారు. ఆ ఆగిన క్షణంలో వారి కండరాలలో ఏమి జరుగుతున్నది? శరీరధర్మశాస్త్రపు తొలి పాఠాలలోనే వచ్చే ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో మన తెలుగువారొకరు ఉన్నారు. తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు కండరాల సంగతి ఎందుకని సైన్సు విద్యార్థులు నవ్వవచ్చు. ఆయన పేరు ప్రయోగశాలలో ఒక పరీక్షకు పేరుగా మిగిలి, మనిషి మరుగున పడినందుననే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. ఆయన బాల్యం నుండి మెరిసిన విద్యార్థి కారు. పదమూడేళ్ళ ప్రాయంలో, కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించారు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. (సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టడానికి సిగ్గుపడే మా విద్యార్థులు ఈ వాక్యం మరొకసారి చదువుకోవచ్చు.) మద్రాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించి, శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురి అయ్యారు, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. పిమ్మట మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించారు. యౌవనంలోనే ఆయన సోదరులిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో సంగ్రహణి వ్యాధికి బలి అయ్యారు. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం వదలలేదని మా నమ్మకం.

1922లో మామగారు సమకూర్చిన ధనంతో, కాకినాడ సత్యలింగనాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాటతో, భార్య శేషగిరిగారిని స్వదేశంలోనే విడిచి బోస్టను చేరారు. మరల మాతృదేశం చూడలేదు. హార్వర్డులో చదువుతూ, ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్ట పోసుకొన్నారు. తరువాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరి, రక్తంలో, మూత్రంలో ఉన్న భాస్వరాన్ని కొలిచే సులువైన మార్గం కనుగొన్నారు. ద్రవానికి మాలిబ్డేటును, దానిని క్షయకరించే మరొక ద్రవ్యాన్ని చేర్చితే నీలిరంగు తేలుతుంది; రంగు ఎంత చిక్కనయితే భాస్వరం అంత ఎక్కువ. 1925లో వెలువడిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి తరతరాల విద్యార్థులకు పాఠమయింది.

అసలు కథ ఇక్కడ ప్రారంభమవుతుంది. కండరం నుండి తీసిన ద్రవాన్ని పరీక్షించినప్పుడు నీలం వెంటనే పూర్తిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ వచ్చింది. మరొకరైతే పరీక్షలో పొరపాటనుకొని ద్రవాన్ని పారబోసేవారు. భాస్వరాన్ని పట్టి ఉంచి, మెల్లగా విడిచిపెట్టే పదార్థమేదో కండరంలో ఉన్నదని వీరు గ్రహించారు. 1927లో ప్రకటించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది విచ్ఛిన్నమవుతుంది. విశ్రాంతి దొరకగానే తిరిగి కూడుకొంటుంది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడ స్వతంత్రంగా దీనిని గుర్తించారు. 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కే–సుబ్బారావులు వేరువేరుగా అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏటీపీని, కండరంలో కనుగొన్నారు. లాక్టిక్ ఆమ్లమే సంకోచానికి మూలమని అంతవరకు పండితులు చెబుతున్న సిద్ధాంతం దీనితో కదలిపోయింది.

నేడు పాఠ్యగ్రంథాలు చెప్పేది ఇదే. కండరం ముడుచుకొనేటప్పుడు ఏటీపీ ఖర్చవుతుంది. నిలువ ఉన్నది కొద్ది సెకండ్లకే సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్నిచ్చి దానిని తక్షణం పూరిస్తుంది. అంతకు మించిన శ్రమకు గ్లూకోజు, కొవ్వు, ప్రాణవాయువు ఆధారం. మోకు లాగి ఆగిన ఆ క్షణంలో ఖాళీ అయిన బొక్కసం మరల నిండుతున్నదన్నమాట.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్ళి పరిశోధనలు నడిపించారు. అక్కడ ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకే కాక, సోదరులను పొట్టన పెట్టుకొన్న ఆ సంగ్రహణికి కూడ అది మందయింది. ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన ద్రవ్యాలను ఆయన బృందమే అందించగా, సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కాన్సరు పిల్లలకు వాడి, వ్యాధిని కొంతకాలమైనా వెనుకకు నెట్టగలిగాడు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. 1947లో వచ్చిన హెట్రజాన్ ఫైలేరియా మందు. బోదకాలు నివారణకు మన కోస్తా జిల్లాలలో ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్ర అదే.

1948 ఆగస్టులో, 53వ ఏట, ఆయన అమెరికాలోనే ఆకస్మికంగా మరణించారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలాశాఖ ఆయన పేర స్టాంపు వెలువరించింది. ఆ స్టాంపు మీది బొమ్మను పెద్దది చేయించి, మన ప్రయోగశాల గోడకు పెట్టించవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాము. ఖర్చు స్వల్పమే.