తౌరాత్ పాఠాల నుండి ఖుర్ఆన్ వ్యాఖ్యానం వరకు: ముహమ్మద్ అసద్ జీవితం

యూదుల ప్రార్థనాలయాలలో ప్రతి శనివారం తౌరాత్ పఠనం జరుగుతుంది. తౌరాత్ ఐదు గ్రంథాలను వారు 54 భాగాలుగా విభజించుకున్నారు. వారానికొక భాగం, కొన్ని వారాలలో రెండు కలిపి చదువుతూ, ఏడాదిలో పూర్తిచేస్తారు. పూర్తయిన రోజునే మళ్ళీ మొదటి నుండి ప్రారంభిస్తారు. ఆ వారపు భాగాన్ని ప్రతి ఒక్కరూ మూలభాష హీబ్రూలో రెండుసార్లు, అరామిక్ తర్జుమాలో ఒకసారి చదువుకోవాలని వారి పూర్వ పండితులు నియమం పెట్టారు. అంటే భావం తెలుసుకోకుండా ఆ వారం గడవకూడదన్నమాట.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం)పై తౌరాత్ అవతరించిందని నమ్మటం మన ఈమాన్‌లో భాగం. అందులో మానవ హస్తం చొరబడిందని, దివ్యఖుర్ఆనే గీటురాయి అని కూడా మనం విశ్వసిస్తాం. ఆ గ్రంథాన్ని క్షుణ్ణంగా చదివి, ఆపైన ఈ గీటురాయిని చేరుకున్న వారిలో మొదట గుర్తుకు వచ్చేది మదీనాకు చెందిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సలామ్ (రజి). గడచిన శతాబ్దంలో అదే బాటన వచ్చిన వ్యక్తి ముహమ్మద్ అసద్. ఆయన కొంతకాలం మన హైదరాబాద్‌తో సంబంధం కలిగి ఉన్నారన్న సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలియదు.

ఆయన 1900 జులై 2న, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ల్వోవ్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు లియోపోల్డ్ వైస్. తాతగారు చెర్నోవిట్జ్ పట్టణంలో యూద మతగురువు. గణితంలో, చదరంగంలో దిట్ట. ఆ ఊరి క్రైస్తవ ఆర్చిబిషప్పుతో కూర్చుని చదరంగం ఆడేవారట. (చదరంగం విషయంలో మన ఫిఖ్హ్ పండితుల మాట వేరు, అది ఇక్కడ అక్కరలేదు.) తండ్రి మాత్రం వకీలు. ఆయనకు మతాచారాలపై పెద్దగా పట్టింపు లేదు. అయినా వంశ గౌరవం కోసం కొడుక్కి ఇంటి వద్దనే ఉపాధ్యాయులను పెట్టి, రోజూ గంటల తరబడి మత గ్రంథాలు చదివించారు. పదమూడేళ్ళు నిండేసరికి ఆ బాలుడు హీబ్రూ ధారాళంగా చదివి మాట్లాడేవాడు. అరామిక్ కూడా వచ్చేది. తౌరాత్‌ను మూలంలోనే చదివాడు, తాల్మూద్ చర్చలు, తర్గూమ్ వ్యాఖ్యానాలు నేర్చాడు.

అంత నేర్చినా మనసు నిండలేదు. యావత్ సృష్టికి ప్రభువైనవాడు ఒకే ఒక జాతి బాగోగుల గురించి, దాని బలుల గురించి, ఆచారాల గురించి ఇంతగా పట్టించుకోవటమేమిటన్న ప్రశ్న ఆ పసి వయసులోనే ఆయనను వేధించింది. క్రమంగా ఆ మతానికి దూరమయ్యారు. అయితే ఆ చదువు వృథా పోలేదు. మతం అసలు దేనికి అన్నది తర్వాత అర్థం చేసుకోవటానికి ఆ పునాదే పనికొచ్చిందని ఆయనే అంగీకరించారు.

ఇక్కడ మా మనసులోని మాట ఒకటి చెప్పాలి. మన వరంగల్‌లో మక్తబ్‌లకు వచ్చే పిల్లలు నాజిరా ముగిస్తారు, మిఠాయిలు పంచుతారు. ఆ తర్వాత అల్‌ఫాతిహా సూరాకు అర్థం చెప్పమంటే తల దించుకుంటారు. తప్పు పిల్లలది కాదు, చెప్పని మాది. తిలావత్‌కు పుణ్యం ఉంది, అందులో సందేహం లేదు. కానీ తర్జుమా లేకుండా వారం గడవకూడదన్న పట్టుదల వేరొకరి ఇంట్లో కనిపిస్తుంటే మాకు సిగ్గుగా ఉంటుంది.

1922లో ఆయన జెరూసలేంలోని మేనమామ ఇంటికి వెళ్ళారు. అక్కడి అరబ్బుల జీవితం ఆయనను కట్టిపడేసింది. జర్మన్ పత్రికకు విలేకరిగా అనేక ముస్లిం దేశాలు తిరిగారు. 1926లో ఒకనాడు బెర్లిన్ నగరపు రైలులో భార్య ఎల్సాతో ప్రయాణిస్తూ ఎదుటివారి ముఖాలు చూశారు. ఖరీదైన దుస్తులు, కానీ ప్రతి ముఖంలో ఏదో దాగిన బాధ. ఇంటికి వచ్చేసరికి బల్లపై తెరిచి ఉన్న ఖుర్ఆన్‌లో అత్తకాసుర్ సూరా కనిపించింది. అధిక సంపాదన వ్యామోహం గురించి హెచ్చరించే సూరా అది. ఇది మానవుని మాట కాజాలదని ఆయనకు నిశ్చయమైంది. బెర్లిన్‌లోని చిన్న ముస్లిం సమాజానికి పెద్దగా ఉన్న ఒక భారతీయుని సమక్షంలో షహాదత్ పలికారు. లియో అంటే సింహం కనుక, ‘అసద్’ అన్న పేరు వచ్చింది. కొన్ని వారాలకు ఎల్సా కూడా ఇస్లాం స్వీకరించారు. 1927 హజ్ యాత్రలో మక్కా చేరిన తొమ్మిది రోజులకే ఆమె కన్నుమూశారు.

ఇస్లాం స్వీకరించానని తెలుపుతూ రాసిన ఉత్తరానికి తండ్రి జవాబివ్వలేదు. తన దృష్టిలో కొడుకు చనిపోయినట్లేనని సోదరి ద్వారా తెలియజేశారు. 1935లో గానీ ఆ మనసు కరగలేదు.

అరేబియాలో సుమారు ఆరేళ్ళు గడిపి అసద్ 1932లో భారతదేశం వచ్చారు. అల్లామా ఇక్బాల్ సాంగత్యం లభించింది. నిజాం ప్రభుత్వ ఆదరణలో హైదరాబాద్ నుండి 1927లో మొదలైన ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికకు పిక్తాల్ సంపాదకులు. ఆయన 1936లో మరణించగా, కొంతకాలం ఆ బాధ్యతను అసద్ వహించారు. వరంగల్ అప్పుడు ఆ నిజాం రాజ్యంలోనిదే.

1939లో యుద్ధం వచ్చింది. శత్రుదేశపు పౌరుడని బ్రిటిషువారు ఆయనను నిర్బంధించి 1945 వరకు వదలలేదు. 1942లో నాజీలు ఆయన తండ్రిని, సోదరిని యూదులన్న కారణంగా వియన్నా నుండి తరలించుకుపోయారు. వారు నిర్బంధ శిబిరంలోనే మరణించారు. కొడుకు జర్మనీ పక్షం వాడని ఇక్కడ బందీ, తండ్రి జర్మనీకి శత్రువని అక్కడ బలి.

ఆ తర్వాత పాకిస్తాన్ ప్రభుత్వంలో పనిచేసి, 1952లో ఆ దేశం తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్ళారు. 1954లో ఆత్మకథ ‘ద రోడ్ టు మక్కా’ వెలువడింది. ఇక మిగిలిన జీవితమంతా ఖుర్ఆన్‌కే. ఒక్కొక్క పదం మూలాన్ని పట్టుకుని వెదకటం చిన్ననాటి అలవాటు. దానికి నజ్ద్ ఎడారి బద్దూల నోట విన్న అరబీ తోడైంది. ఆంగ్ల తర్జుమా, వ్యాఖ్యానం కలిసి 1980లో పూర్తిగా వెలువడ్డాయి. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) అగ్నిగుండం వంటి మహిమలను ఆయన అలంకారికంగా వివరించటాన్ని ఉలమా ఒప్పుకోలేదు, మేమూ ఒప్పుకోము. ఆ చోట్లు తెలిసిన ఆలిమ్‌ను పక్కన ఉంచుకునే ఆ పుస్తకం చదవాలి. పదాల పరిశోధనలో మాత్రం ఆయన శ్రమ కాదనలేనిది.

1992 ఫిబ్రవరి 20న స్పెయిన్‌లో ఆయన మరణించారు. గ్రెనడాలోని ముస్లిం శ్మశానంలో ఖననం చేశారు. తండ్రినీ సోదరినీ పోగొట్టుకున్న ఆ వియన్నాలోనే, 2008లో ఐక్యరాజ్యసమితి కార్యాలయాల ఎదుటి కూడలికి ముహమ్మద్ అసద్ పేరు పెట్టారు.