చూపు లేని సహాబీకి మదీనా బాధ్యతలు

ఒక మనిషిని పనిలో పెట్టుకునేటప్పుడు అతనిలో ఏ లోపం ఉందో చూడాలా, అతను ఏ పని చేయగలడో చూడాలా? దైవప్రవక్త ముహమ్మద్ (స) 1400 ఏళ్ల క్రితం దీనిని ఆచరణలో చూపించారు. హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) జీవితం చదివితే ఆ విషయం బోధపడుతుంది.

ఈయన ఖురైష్ తెగకు చెందినవారు. హజ్రత్ ఖదీజా (రజి)కు మేనమామ కుమారుడు. ఆయన పేరు అబ్దుల్లా అని మదీనావాసులు, అమ్ర్ అని ఇరాక్‌వాసులు చెప్పేవారు. తల్లి ఆతికా. ఉమ్మె మక్తూమ్ అనే ఆమె పిలుపు పేరుతోనే కుమారుడు ప్రసిద్ధులయ్యారు. చిన్ననాటి నుంచే ఆయనకు చూపు లేదు. అయినా మక్కాలో ఇస్లాం పిలుపు వినగానే స్వీకరించిన తొలి తరం వారిలో ఒకరయ్యారు.

ఒకరోజు మక్కాలో దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతున్నారు. వారు సత్యాన్ని అంగీకరిస్తే మిగిలిన ప్రజలు కూడా దారికి వస్తారన్న ఆశ. అంతలో ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి తనకు ధర్మం నేర్పమని అడగసాగారు. ఎదుట ఎవరున్నారో ఆయనకు కనబడదు కదా! మాటల మధ్య అంతరాయం కలగడంతో ప్రవక్త (స) ముఖంలో అయిష్టత కనిపించింది. అప్పుడు దివ్యఖుర్‌ఆన్‌లోని 80వ సూరా 'అబస' అవతరించింది. లక్ష్యపెట్టని ధనికుల మీద శ్రద్ధ చూపి, తపనతో వచ్చిన అంధుని పట్ల ముఖం తిప్పుకోవడం తగదని అల్లాహ్ అందులో హెచ్చరించాడు. ప్రవక్త (స) ఆ వాక్యాలను దాచలేదు, అందరికీ వినిపించారు. నేటికీ మనం నమాజులో వాటిని చదువుతూనే ఉన్నాం.

ఆ తర్వాత దైవప్రవక్త (స) ఆయనను ఎంతో గౌరవించారు. అయితే ఆ గౌరవం మంచి మాటలతో, దానధర్మాలతో ఆగిపోలేదు. ఆయనకు పని ఇచ్చారు, బాధ్యత ఇచ్చారు. ఈ విషయాన్ని మనం తరచుగా గమనించం.

మొదటి బాధ్యత బోధన. ప్రవక్త (స) హిజ్రత్‌కు ముందే హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి), ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) మదీనా చేరి అక్కడి ప్రజలకు ఖుర్‌ఆన్ నేర్పారు.

రెండవది అజాన్. మస్జిదె నబవీలో హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ఈయన కూడా మువజ్జిన్. రమజాన్‌లో బిలాల్ (రజి) అజాన్ తెల్లవారక ముందే వినిపించేది. ఆ తర్వాత ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినబడే వరకు సహరీ తినవచ్చని ప్రవక్త (స) అనుమతించారు. అంటే ఊరంతటి రోజా ఒక అంధుని అజాన్ మీద ఆధారపడింది! మరి తెల్లవారినట్లు ఆయనకు ఎలా తెలిసేది? తెల్లవారిందని పక్కనున్నవారు చెప్పేవారు, ఆయన లేచి అజాన్ ఇచ్చేవారు. ఆయన చేయలేని ఒక్క చిన్న పనిలో ఇతరులు తోడ్పడ్డారు. ఆ ఒక్క కారణంతో ఆయనను పదవికి దూరం చేయలేదు.

మూడవది అన్నిటికంటే పెద్దది. దైవప్రవక్త (స) యుద్ధాలకు, ప్రయాణాలకు వెళ్లినప్పుడు మదీనాలో తమ ప్రతినిధిగా ఆయనను నియమించేవారు. ఉహుద్ యుద్ధ సమయంలోనూ మదీనాలో ఉండిపోయిన వారికి ఆయనే నమాజు చేయించారు. ఇలా 13 సార్లు జరిగిందని కొందరు చరిత్రకారులు లెక్కించారు.

జిహాద్‌కు వెళ్లేవారి ఘనతను తెలిపే ఆయత్ వచ్చినప్పుడు, చూపు లేని తన గతేమిటని ఆయన బాధపడ్డారు. అప్పుడు అశక్తులకు మినహాయింపునిచ్చే మాట సూరా నిసా 95వ ఆయత్‌లో చేరింది. కానీ ఆయన ఆ మినహాయింపుతో సరిపెట్టుకోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో, హిజ్రీ 15 ప్రాంతంలో జరిగిన ఖాదిసియా యుద్ధానికి కవచం ధరించి, జెండా పట్టుకుని వెళ్లారు. అక్కడే అమరులయ్యారని కొందరు, మదీనాకు తిరిగి వచ్చాక మరణించారని కొందరు రాశారు. వెసులుబాటు అతని హక్కు. దానిని సాకుగా చేసుకుని అవకాశాన్ని లాగేసుకునే హక్కు మాత్రం ఇతరులకు లేదు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. చూపు లేకపోయినా ఖుర్‌ఆన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజులు మన మధ్య ఉన్నారు. ఇమామ్ పదవి అనేసరికి కమిటీవారు వెనుకాడతారు, చేతిలో కొంత సొమ్ము పెట్టి పంపేస్తారు. అంధుడు శుభ్రతను చూసుకోలేడన్న అనుమానంతో అతని ఇమామత్ అయిష్టమని హనఫీ ఫిఖహ్ గ్రంథాలలో ఉన్న మాట వాస్తవమే. అయితే అక్కడున్న వారిలో అతనే ఎక్కువ విద్య గలవాడైతే ఆ అయిష్టత ఉండదని కూడా ఫిఖహ్ పండితులు రాశారు. అందుకు వారు చూపిన ఆధారం ఇబ్నె ఉమ్మె మక్తూమే (రజి). మొదటి మాట గుర్తుంచుకుని రెండవ మాట మరచిపోవడం న్యాయమా?

దేశ చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. వికలాంగుల సమాన అవకాశాల కోసం 1995లో వచ్చిన చట్టం ప్రభుత్వ ఉద్యోగాలలో 3 శాతం కేటాయించింది. 2016 చట్టం దానిని 4 శాతం చేసింది. వికలాంగునికి అవసరమైన తగిన ఏర్పాటును నిరాకరించడం కూడా వివక్షేనని ఈ చట్టం చెబుతోంది. మదీనాలో తెల్లవారిందని చెప్పిన వారు చేసింది ఆ ఏర్పాటే కదా!

కనుక మన దుకాణానికో, మదర్సాకో, మస్జిద్‌కో ఒక అంధుడు పని అడుగుతూ వస్తే, జేబులో చేయి పెట్టడానికి ముందు అతనికి ఏ పని వచ్చో అడుగుదాం. అర్హుని అర్హతను గుర్తించే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.