మా సాహెబా హయాత్ బక్షీ బేగము

చార్మినారు నీడలో ప్రతిదినమును నడచు మనము, దానిని 1591 వ సంవత్సరమున కట్టించిన మహమ్మదు కులీ కుతుబ్ షా నామమును బాల్యమునుండియు వినుచున్నాము. ఆయన ఏకైక పుత్రిక యగు హయాత్ బక్షీ బేగమును ఎఱిగినవారు మాత్రము మనలో కొందఱే. ఆమె ఒక రాజునకు కుమార్తె, వేఱొక రాజునకు భార్య, మఱియొక రాజునకు తల్లి. స్వయముగా సింహాసనము నెక్కనందున రాజుల పట్టికలో ఆమెకు చోటు లేకపోయెను. ఇంగ్లండు చరిత్రమందును ఇట్లే జరిగినది. ట్యూడరు వంశమునకు మొదటి రాజగు ఏడవ హెన్రీని బాలురెల్ల చదువుదురు గాని, ఆయనకు రాజ్యము చేకూరుటకై పాటుపడిన తల్లి మార్గరెట్టు బోఫోర్టును తలంచువారు అరుదు.

బేగము తన తండ్రి సోదరుని కుమారుడగు సుల్తాన్ మహమ్మదును వివాహమాడెను. ఆయన 1612 లో రాజై 1626 లో మరణించెను. అప్పటికి కుమారుడగు అబ్దుల్లా పండ్రెండేండ్ల బాలుడు. కుమారుడు పెద్దవాడగువఱకు రాజ్యకార్యములను తల్లియే కనిపెట్టి నడపెను. జనులామెను మా సాహెబా, అనగా అమ్మగారు, అని గౌరవముతో పిలిచిరి.

ఆమె ధైర్యమునకు నిజమైన పరీక్ష వార్ధక్యమున వచ్చెను. మంత్రియగు మీర్ జుమ్లా రాజుతో విరోధించి మొగలాయిల పక్షము చేరెను. రాజు ఆయన కుమారుని చెఱలో నుంచెను. దీనిని మిషగా గొని, దక్కను సుబేదారుగా నున్న ఔరంగజేబు 1656 వ సంవత్సరమున దండెత్తెను. నగరము దోపిడి పాలయ్యెను. అబ్దుల్లా గోలకొండ కోటలో తలదాచుకొనెను. అప్పుడు వృద్ధురాలగు బేగము కోట వెడలి, శత్రువు శిబిరమునకు తానే పోయి, సంధి మాటలాడెను. కోటి రూపాయలు చెల్లించుటకును, మనుమరాలిని ఔరంగజేబు కుమారునకిచ్చి పెండ్లి చేయుటకును ఒడంబడిక జరిగెను. షాజహాను చక్రవర్తి ఆజ్ఞయు రాగా ముట్టడి తొలగెను. ఆ సంధికి చెల్లించిన మూల్యము తేలికయైనది కాదు. ఒక బాలిక జీవితమును అందులో చేరెను. అయినను కుతుబ్ షాహీ రాజ్యము మఱి 31 ఏండ్లు, 1687 వఱకు, నిలిచెను.

బేగము 1667 లో పరలోకగతురాలయ్యెను. గోలకొండ చెంతనున్న రాజుల సమాధుల నడుమ, వానికి తీసిపోని ఆమె సమాధి నేటికిని కలదు. నగరమునకు తూర్పున హయాత్‌నగరులో ఆమె పేరి మసీదును, దాని దాపున ఏనుగు బావియు నున్నవి. మా సాహెబా చెరువు కానరాకుండ పోయినను, మాసబ్ ట్యాంకు అను పేరు జనుల నోట నిలిచియున్నది.

విద్యార్థులారా, ఆ పేరును మనము దినమున కెన్నిసార్లో పలుకుచున్నాము. ఇకమీదట పలుకునప్పుడైనను ఆ తల్లిని స్మరింతము. మన యిండ్లలోను పేరు చెప్పుకొనక భారము మోయుచున్న తల్లులు గలరు. వారిని బ్రదికియుండగనే గుర్తింతము.