మూటలు మోసిన పైలట్

మన ఊర్ల పోరగాండ్లు స్టేటస్‌ల యుద్ధవిమానాల వీడియోలు మస్తు పెడుతరు. బాంబులేసేటియే అందరి కండ్లకు ఆనుతయి. నాకైతే మూటలు మోసే విమానం మీదనే మనసు. అందుకే మెహర్ సింగ్ ముచ్చట చెప్త. ఎయిర్‌ఫోర్స్‌ల అందరు ఆయనను బాబా అనేటోళ్లు.

1915ల లాయల్‌పూర్‌ల పుట్టిండు. ఇప్పుడది పాకిస్తాన్‌ల ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధంల బర్మా దిక్కు 6వ స్క్వాడ్రన్‌ను నడిపి, బ్రిటిషోళ్లతోని డీఎస్ఓ పతకం తీస్కున్నడు. అది తెల్లోళ్ల యుద్ధం, నాకంతగ పట్టదు.

అసలు కథ 1947 అక్టోబర్ 27 నుంచి. శ్రీనగర్‌కు సైన్యాన్ని మోయాలె, ఎయిర్‌ఫోర్స్ కాడ డకోటాలు కొన్నే ఉన్నయి. ప్రైవేటు కంపెనీలు ప్రయాణికులను తిప్పే డకోటాలను గూడ పనికి పెట్టిండ్రు. కశ్మీర్‌ల ఎయిర్‌ఫోర్స్ పనికి మెహర్ సింగే పెద్ద.

గా చలికాలమే పూంచ్ పట్నాన్ని శత్రువులు చుట్టుముట్టిండ్రు. లోపల సైన్యంతోని పాటు వేలమంది కాందిశీకులు. తిండి లేదు, తొవ్వ లేదు. అప్పుడు సిపాయిలు, కాందిశీకులు కలిసి భూమి చదును చేసి రన్‌వే తయారు చేసిండ్రు. మూడు దిక్కుల వాగులే, పక్కన కొండల మీద తుపాకులు. దాని మీద మొదటి డకోటాను మెహర్ సింగే దింపిండు. ఇగ పోయేటప్పుడు తిండిగింజలు, తూటాలు. వచ్చేటప్పుడు గాయపడ్డోళ్లు, పిల్లాజెల్ల. రాత్రి పూట నూనె దీపాల వెలుగుల గూడ దిగిండు. గా రన్‌వే చదును చేసిన చేతులకు ఎవలు పతకమిచ్చిండ్రు?

1948 మే 24న లేహ్‌కు పోయిండు. తొవ్వ చూపే యంత్రాల్లేవు, విమానంల ఆక్సిజన్ లేదు. 20,000 అడుగుల పైన మంచుకొండలు దాటాలె. పక్కన జనరల్ తిమ్మయ్యను కూసోబెట్టుకొని, సింధు నది ఒడ్డున ఇసుకల దింపిండు. ఆ నేలను సిద్ధం చేసింది లద్దాఖ్ ఇంజినీర్ సోనమ్ నోర్బు, అక్కడి జనం. తర్వాత డకోటాలల్ల గూర్ఖా సిపాయిలు దిగిండ్రు, లేహ్ నిలబడ్డది.

ఆయనకు మహావీర్ చక్ర వచ్చింది. కానీ 1948లనే, 33 ఏండ్లకే, ఎయిర్‌ఫోర్స్ వదిలి పటియాలా మహారాజు కొలువుకు పోయిండు. రాజు కొలువు నాకు నచ్చలె గని, అక్కడ గూడ విమానాల పనే చేసిండు. 1952 మార్చిల జమ్మూ నుంచి ఢిల్లీకి వస్తుంటే రాత్రి గాలివానల విమానం కూలింది. అప్పటికి 36 ఏండ్లు.